కామన్ రైల్ ట్రాక్టరు, బీఎస్6 కారు: సిక్కోలు, విజయనగరంలో రిపేరు సంగతి

ముందు మార్కులు వేసేద్దాం. 50 హార్స్‌పవర్ దాటిన కామన్ రైల్ ట్రాక్టరుకు, అంటే ఒకే గొట్టంలో హై ప్రెషర్లో ఉంచిన డీజిల్‌ను అన్ని ఇంజెక్టర్లూ కంప్యూటరు చెప్పినట్టు చిమ్మే బండికి, పనిలో 5కి 4. దమ్ములో రోటవేటరు బిగిసినా ఇంజన్ కుంగిపోదు, నల్లపొగ కొట్టదు. అదే బండికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రిపేరు దొరికే తీరుకు 5కి 2. సెన్సార్లు ఊరికే పోతున్నాయని ఆ మార్కులు తగ్గించలేదు. తప్పు ఎక్కడుందో మీటరు పెట్టి చూడకుండా, తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ తెర మీద ఏ సామాను పేరు కనిపిస్తే దాన్ని మార్చేసే పద్ధతికి తగ్గించాం. డబ్బులు ఎక్కువగా పోయేది అక్కడే.

ఇన్ని వైర్లు ఎందుకొచ్చాయో తెలిస్తే బిల్లు అర్థమవుతుంది. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ పైబడిన ట్రాక్టర్లకు ట్రెమ్ స్టేజ్ 4 అనే పొగ ప్రమాణాలు వచ్చాయి. అంతకుముందు స్టేజ్ 3ఏ కింద 37 నుంచి 56 కిలోవాట్ల ఇంజన్, అంటే సుమారు 50 నుంచి 75 హెచ్‌పీ, ఒక కిలోవాట్ అవరు పనికి 0.4 గ్రాముల దాకా మసి వదలొచ్చు. స్టేజ్ 4లో 0.025 గ్రాములే, అంటే పదహారో వంతు. నైట్రోజన్ ఆక్సైడ్లు, హైడ్రోకార్బన్లు కలిపిన హద్దు మాత్రం 4.7 గ్రాముల దగ్గరే ఉండిపోయింది. కాబట్టి ఈ తరగతి బళ్లకు తగ్గాల్సింది మసి. దానికి డీజిల్‌ను మంచులా సన్నగా చిమ్మాలి, ఒక్కో స్ట్రోకులో రెండు మూడు విడతలుగా చిమ్మాలి. పాత ఇన్‌లైన్ పంపుతో అది కుదరదు. వెయ్యిన్నర బార్ల పైచిలుకు ప్రెషరు, దాన్ని క్షణక్షణం సర్దే ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటరు, దానికి కబురు చెప్పే సెన్సార్లు అలా వచ్చి చేరాయి. యూరియా ద్రావణం (యాడ్‌బ్లూ) గొడవ 56 కిలోవాట్లు దాటిన ఇంజన్లది. 55 హెచ్‌పీ బండికి యాడ్‌బ్లూ బకెట్ అంటగడుతుంటే ముందు మాన్యువల్ తెరిచి చూడండి.

37 కిలోవాట్లంటే 50 హెచ్‌పీకి వెంట్రుకవాసి తక్కువ. మార్కెట్లో 49, 49.5 హెచ్‌పీ స్టిక్కర్లు ఇన్ని కనిపించేది అందుకే. ఆ గీతకు ఇవతల మెకానికల్ పంపు బళ్లు అమ్మారు. మహీంద్రా 575, స్వరాజ్ 744 వంటి 45-48 హెచ్‌పీ తరగతి ట్రాక్టర్లు మన మెకానిక్కులకు కంఠోపాఠం. చీపురుపల్లిలో చెడినా నరసన్నపేటలో చెడినా సాయంత్రానికి దుక్కిలో ఉంటాయి.

ఖర్చు తేడా ఎంత? మోడల్‌ను బట్టి మారే ఉజ్జాయింపు లెక్కలే చెబుతున్నాం. మెకానికల్ ఇంజెక్టరుకు నాజిల్ మారిస్తే కొన్ని వందలు. పంపు మొత్తం విప్పి కాలిబ్రేషన్ చేయిస్తే పదివేలకు అటూ ఇటూ. కామన్ రైల్ ఇంజెక్టరు కొత్తది ఒక్కటే పది నుంచి పాతిక వేలు, బండికి అలాంటివి మూడో నాలుగో. బెంచీ మీద బాగుచేయిస్తే ఒక్కోదానికి మూడు నుంచి ఆరు వేలు. రైల్ ప్రెషర్ సెన్సార్ మూడు నుంచి ఆరు వేలు. ఈసీయూ మార్చాలంటే అర లక్ష మాట వినిపించడం మామూలే. వైరింగ్ కిట్ ధర విడిగా అడగండి. రోగం చాలాసార్లు అక్కడే ఉంటుంది, మార్చేది మాత్రం ఇంకొకటి.

మన ప్రాంతంలో ఈ బళ్లను పాడుచేసేవి నాలుగు: డీజిల్లో నీళ్లు, ఎర్తు, కప్లర్లలో (వైర్లు కలిపే ప్లగ్గుల్లో) చిలుము, ఎలకలు.

నీళ్ల సంగతి అన్నిటికన్నా ముందు. బంకు దూరమని వంద, రెండొందల లీటర్లు డ్రమ్ములో నింపి పాకలో పెట్టుకోవడం పల్లెల్లో రివాజు. సగం ఖాళీ డ్రమ్ములో పగటి వేడికీ రాత్రి చలికీ గాలిలోని తేమ గోడలకు పట్టి అడుగుకు దిగుతుంది. సోంపేట, కవిటి, కళింగపట్నం వైపు సముద్రపు గాలి తోడైతే చెప్పనక్కర్లేదు. పాత పంపు ఆ నీటిని కొంత ఓర్చుకునేది. కామన్ రైల్ ఇంజెక్టరు లోపలి సందు 2 నుంచి 5 మైక్రాన్లు, తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఒక నీటిబొట్టు ఆ ప్రెషర్లో లోహాన్ని కొరుకుతుంది, తుప్పు రేణువు గీత పెడుతుంది. తర్వాత మిగిలేది ఇంజెక్టర్ల బిల్లే. కాబట్టి డ్రమ్ము అడుగు నాలుగు వేళ్ల డీజిల్ బండిలో పోయొద్దు, పైనుంచే తీయండి. వాటర్ సెపరేటర్ కింద ప్లగ్గు దమ్ముల రోజుల్లో ప్రతి ఉదయం తిప్పి ఒక గ్లాసు సీసాలో పట్టి చూడండి. అడుగున నీటి పొర తేరితే మళ్లీ పట్టండి. ఫిల్టరు మార్చేటప్పుడు కొత్త దాంట్లో డబ్బాతో డీజిల్ నింపి బిగించడం పాత పద్ధతి. కామన్ రైల్లో మానేయాలి. వడగట్టని డీజిల్ నేరుగా పంపులోకి పోతుంది. ఖాళీ ఫిల్టరు బిగించి, చేతి పంపుతోనే నింపాలి. పేరు తెలియని చవక ఫిల్టరు వేసి రెండొందలు మిగిల్చుకోవడం ఈ బండి మీద చేయగల అతి ఖరీదైన పొదుపు.

ఎర్తు రెండోది. దమ్ము చక్రాలు వేసి రోజుల తరబడి బురదలో తిప్పాక బ్యాటరీ నెగెటివ్ వైరు ఛాసిస్‌కు తగిలే బోల్టు కింద తుప్పు పడుతుంది. అక్కడ అర ఓల్టు పోయినా లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ తిరుగుతుంది, ఈసీయూ మాత్రం తికమకపడి ఒకదానికొకటి సంబంధం లేని ఆరేడు కోడ్‌లు చూపిస్తుంది. అన్ని కోడ్‌లు ఒకేసారి వస్తే సెన్సార్లన్నీ ఒకేసారి చచ్చిపోయాయని కాదు. ఎర్తు గానీ, 5 ఓల్టుల లైను గానీ చూడమని. చాలా సెన్సార్లకు ఈసీయూ నుంచి 5 ఓల్టులు కొన్ని ఉమ్మడి వైర్ల మీదే వెళ్తాయి. ఒక్క సెన్సార్ లోపల షార్టయినా దాని లైను మీద ఉన్నవన్నీ పడిపోతాయి. పరీక్ష తేలిక. కీ ఆన్ చేసి ఆ లైను మీద ఓల్టేజీ చూస్తూ సెన్సార్లు ఒక్కొక్కటే పీకండి. ఏది పీకితే 5 ఓల్టులు తిరిగొచ్చాయో దొంగ అదే. పావుగంట పని. దీని బదులు "ఈసీయూ పోయింది" అన్న మాట ఎంత ఖరీదో పైన చెప్పాం.

కప్లర్ల విషయంలో సగం పాపం మనదే. ప్రెషర్ వాషరు నేరుగా ఈసీయూ మీదికీ కప్లర్ల మీదికీ కొడతారు. తర్వాత మెకానిక్కు టెస్టర్ లైటు సూదితో వైరు తొడుగు గుచ్చి కరెంటు చూస్తాడు. ఆ చిల్లులోంచి తేమ దిగి ఒకటి రెండు వర్షాకాలాల్లో రాగి పచ్చగా మారి పొడైపోతుంది. వైరు పైకి నిక్షేపంగా ఉంటుంది, లోపల తెగి ఉంటుంది. వైరు గుచ్చకుండా కప్లర్ వెనక నుంచి సన్నని పిన్నుతో చూడాలి. రబ్బరు సీలు ఊడితే కొత్తది వేసి, డైఎలక్ట్రిక్ గ్రీజు కాస్త పూయాలి. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం లైట్ల వైరుకు సరే. సెన్సార్ వైరుకు టంకం వేసి, జిగురున్న హీట్ ష్రింక్ తొడుగు వేయాలి. డీజే బాక్సులు, అదనపు ఎల్‌ఈడీ బార్లు బిగించేవాళ్లు చేతికందిన వైరు కోసి అతికిస్తారు. వాటికి కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే పెట్టి విడిగానే తీసుకోవాలి.

ఎలకల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నూర్పుల తర్వాత గడ్డికుప్ప పక్కన నెల్లాళ్లు బండి ఆపితే వైరింగ్ కిట్ కొరికేస్తాయి. స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి చూడండి.

ఇక చేయకూడనివి. పాత బండికి ఎయిర్ పడితే ఇంజెక్టర్ నట్టు సడలించి సెల్ఫ్ కొట్టి గాలి తీసేవాళ్లం. కామన్ రైల్లో ఇంజన్ తిరుగుతుండగా హై ప్రెషర్ పైపు నట్టు ముట్టుకోకూడదు. ఆ ధార చర్మంలోంచి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అలా జరిగితే వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. లీకు ఎక్కడుందో చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. బండి మీద ఆర్క్ వెల్డింగ్ చేయాలంటే బ్యాటరీ రెండు టెర్మినళ్లూ, ఈసీయూ కప్లరూ తీసి, వెల్డింగ్ ఎర్తు క్లాంపు అతికే చోటికి దగ్గరగా పెట్టాలి. బ్యాటరీ డౌనైతే లారీ 24 ఓల్టుల నుంచి వైరు లాగడం, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ పీకి వేరే బండికి వేయడం, ఈ రెండూ ఈసీయూకు ఎసరే.

సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. ఇది ఉభాల (వరినాట్ల) రోజుల్లో అందరి నోటా వినిపించే ఫిర్యాదు. మంచి వర్క్‌షాపు ఈ క్రమంలో చూస్తుంది, మీ మెకానిక్కు చూస్తున్నాడో లేదో పక్కన నిలబడి గమనించొచ్చు. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 ఓల్టులు, సెల్ఫ్ కొడుతుండగా 9.6కు తగ్గకూడదు. సెల్ఫ్ కొడుతుండగానే బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్ దిమ్మకూ మధ్య మీటరు పెడితే అర ఓల్టు దాటకూడదు. తర్వాత ఫ్యూజులు, మెయిన్ రిలే. ఆ తర్వాతే స్కానర్. కోడ్‌ల కన్నా ముందు లైవ్ డేటా, అంటే సెన్సార్లు ఆ క్షణంలో చెప్పే అంకెలు, తెరవాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ఇంజన్ వేగం చెప్పే క్రాంక్ సెన్సార్ గానీ దాని వైరు గానీ. ఆర్‌పీఎం వస్తూ రైల్ ప్రెషర్ 200 బార్ల దరిదాపుల్లోకి రాకపోతే లోపం డీజిల్ దారిలో ఉంది: ఎయిర్, మూసుకుపోయిన ఫిల్టరు, పంపులోకి డీజిల్ కొలిచి వదిలే మీటరింగ్ వాల్వు, లేదా ఇంజెక్టర్ల రిటర్న్ (చిమ్మకుండా ట్యాంకుకు తిరిగిపోయే డీజిల్).

రిటర్న్ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. ఒక్కో ఇంజెక్టరు రిటర్న్ పైపు తీసి, ఒకే కొలత ఉన్న పారదర్శక సీసాలు కట్టి, ఇంజన్ స్టార్టయితే రెండు నిమిషాలు ఐడిల్లో, కాకపోతే పది పదిహేను సెకన్లు సెల్ఫ్ మీద తిప్పాలి. మూడు సీసాల్లో సమానంగా ఉండి నాలుగో దాంట్లో రెండు మూడింతలు చేరితే చెడింది ఆ ఒక్కటే. నాలుగూ మార్చాలన్న మాటకు అక్కడితో తెర. ఇక రైల్ ప్రెషర్ సెన్సార్ మీద అనుమానం ఉంటే, చాలా బళ్లలో కీ ఆన్, ఇంజన్ ఆఫ్ స్థితిలో సిగ్నల్ వైరు మీద అర ఓల్టు దగ్గర కనిపించాలి. కనిపిస్తే సెన్సార్ మీద నేరం మోపకండి.

కోడ్ చదవడంలో ఒక మెలకువ. కార్లలో పి0087 అంటే రైల్ ప్రెషర్ తక్కువ అని అర్థం, ప్రెషర్ సెన్సార్ మార్చమని కాదు. జే1939 అనే కోడ్‌ల పద్ధతి వాడే ట్రాక్టర్లలో ఎస్‌పీఎన్, ఎఫ్‌ఎంఐ అని రెండు అంకెలు వస్తాయి. ఎస్‌పీఎన్ ఎక్కడో చెబుతుంది: 157 రైల్ ప్రెషర్, 190 ఇంజన్ వేగం, 97 డీజిల్లో నీరు, 168 బ్యాటరీ. ఎఫ్‌ఎంఐ ఏమైందో చెబుతుంది: 3 అయితే ఓల్టేజీ ఎక్కువ, 4 అయితే తక్కువ, 5 అయితే వైరు తెగిందన్న సూచన. ఎఫ్‌ఎంఐ 3, 4, 5 కనిపిస్తే ముందు వైరు, కప్లరు. సామాను ఆ తర్వాతి మాట.

ఇప్పుడు రిపేరు చేసేవాళ్ల సంగతి. షోరూం సర్వీసుకు 5కి 3. కంపెనీ సాఫ్ట్‌వేరు వాళ్ల దగ్గరే ఉంటుంది. కొత్త ఇంజెక్టరు నెత్తిన ఉన్న కోడ్‌ను ఈసీయూకు ఎక్కించడం, ఈసీయూ అప్‌డేట్ చేయడం వంటివి చాలా మోడళ్లకు అక్కడే కుదురుతాయి. వారంటీలో ఉన్నంతకాలం వేరే చోటికి పోవడం తెలివి కాదు. మార్కులు ఎక్కడ తగ్గాయంటే, అసెంబ్లీ మొత్తం మార్చడమే వాళ్ల పద్ధతి. పదిరూపాయల పిన్ను వదులైతే వేల రూపాయల కిట్ వస్తుంది. చిక్కు కేసైతే విశాఖ వైపు చూడాల్సి రావచ్చు, ఉభాలు మాత్రం ఆగవు.

బయట స్కానర్ మెకానిక్కుకు 5కి రెండున్నర, కానీ మనిషిని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా మారుతుంది. ఎలా పోల్చుకోవాలి? మల్టీమీటరు బయటికి తీసేవాడు, వైరింగ్ బొమ్మ ఫోన్లో తెరిచేవాడు పనివాడు. కోడ్ చూసి, చెరిపేసి, "ఇక రాదు" అనేవాడి దగ్గర రెండోసారి ఆగొద్దు. మీరే ఐదొందల, వెయ్యి రూపాయల బ్లూటూత్ స్కానర్ కొంటే కారుకు బాగా పనికొస్తుంది, కోడ్, లైవ్ డేటా చూపిస్తుంది. ట్రాక్టరుకు చాలాసార్లు పనికిరాదు, సాకెట్టే వేరు.

ఇంజెక్షన్ పంపు షాపులకు 5కి 4, అదీ కామన్ రైల్ టెస్ట్ బెంచీ ఉన్నవాటికే. పాత పంపు బెంచీ మీద కామన్ రైల్ ఇంజెక్టరు పరీక్షించడం కుదరదు. రిపేరుకు ముందూ తర్వాతా టెస్ట్ రిపోర్టు కాగితం అడగండి. ఇవ్వనంటే వేరే చోటు చూసుకోండి. ఈసీయూ బాగుచేస్తామనే చోట్ల డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు మార్చి నిజంగానే బతికించేవాళ్లున్నారు. అయితే ఈసీయూను చంపిన షార్టు బండిలో అలాగే ఉంటే బాగైంది మళ్లీ అదే దారి పడుతుంది. పొగలో కాలుష్యం తగ్గించే ఈజీఆర్‌ను, మసి పట్టే ఫిల్టరు డీపీఎఫ్‌ను "ఆఫ్" చేసిస్తామన్న మాటకు సున్నా. చట్ట విరుద్ధం, వారంటీ పోతుంది, అమ్మేటప్పుడు ఆ బండి ధరా పోతుంది.

కార్ల గురించి కొంచెమే. వాహనాల పొగ ప్రమాణం బీఎస్6 దేశమంతా 2020 ఏప్రిల్ 1న, దాని రెండో దశ 2023 ఏప్రిల్ 1న వచ్చాయి. డీపీఎఫ్ ఉన్న డీజిల్ కారును విజయనగరం కోట జంక్షన్ నుంచి రింగ్ రోడ్డు దాకా రోజుకు రెండు కిలోమీటర్లు తిప్పేవాళ్లకు ఆ కారు సరిపడదు. లోపలి మసి కాలాలంటే ఫిల్టరు సుమారు 600 డిగ్రీలకు వేడెక్కాలి. అది ట్రాఫిక్‌లో జరగదు. డీపీఎఫ్ దీపం వెలిగితే ఇంజన్ ఆపకుండా హైవే ఎక్కి, 60-80 వేగంతో పాతిక నిమిషాలు నడపాలి. సిక్కోలు వాళ్లకు సింహద్వారం నుంచి నరసన్నపేట దాకా సరిగ్గా సరిపోతుంది. మాటిమాటికీ మధ్యలో ఆపేస్తే కాలని డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు పై గీత దాటిందంటే అదే గుర్తు, వెంటనే మార్చాలి. ఆయిల్ కూడా తక్కువ బూడిదనిచ్చే, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయాలి. ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలోంచి కాదు.

చిన్న గుద్దుడుకే బిల్లు పెరగడం కార్లలో రెండో బాధ. ఎల్‌ఈడీ హెడ్‌లైటు విడిగా బల్బు మారేది కాదు, మొత్తం అసెంబ్లీయే. ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కారుకు అద్దం మారిస్తే కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. ఎస్టిమేట్‌లో ఆ పద్దు ఉందో లేదో చూడండి. మామూలు బీమాలో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకు 50 శాతం తరుగు కోస్తారు. లోహపు భాగాలకు వయసును బట్టి, నాలుగు నుంచి ఐదేళ్ల బండికి 35 శాతం. అద్దానికి కోత లేదు. బంపరు, లైట్ల ఖర్చంతా ప్లాస్టిక్ పద్దులోకే పోతుంది గనుక మొదటి ఐదేళ్లు ఈ తరుగు కోయని జీరో డెప్రిసియేషన్ బీమా తీసుకోవడం లాభమే. నాగావళి వరద నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు. తర్వాత పోయిన ఇంజన్‌కు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేకపోతే, బీమా వాళ్లు చేతులెత్తేస్తారు.

బిల్లు మీద రెండు చూపులు వేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, నిర్దేశించిన ట్రాక్టరు విడిభాగాల మీద 18 నుంచి 5కు, కారు విడిభాగాల మీద 28 నుంచి 18కి దిగింది. పాత రేటు వేసిన బిల్లైతే అక్కడే అడగండి. విడిభాగాలూ డయాగ్నస్టిక్ పరికరాలూ బయటి వర్క్‌షాపులకు అందకుండా చేస్తున్నారని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది, తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి. మాన్యువళ్లకు, వారంటీ షరతులకు అది పనికొస్తుంది గానీ మీ ఊళ్లో ఈసీయూకు కంపెనీ వేసిన లాక్ తీసే సాఫ్ట్‌వేరు మాత్రం ఇవ్వదు. అన్యాయంగా బిల్లు వేశారనుకుంటే 1915కి ఫోన్ చేయండి, లేదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అది నిలబడాలంటే మూడు కాగితాలు ముందే చేతిలో ఉండాలి: రిపేరుకు ముందు తీసిన కోడ్‌ల ప్రింటు, రాతపూర్వక ఎస్టిమేట్, మార్చిన పాత సామాను తిరిగి ఇచ్చినట్టు రాసిన బిల్లు.

కొనాలా వద్దా అంటారా? వంశధార, తోటపల్లి ఆయకట్టులో ఐదారెకరాల సొంత దుక్కికి, ట్రాలీ తోలకానికి 45-49 హెచ్‌పీ మెకానికల్ పంపు బండి చాలు. ఏడాదికి ఏడెనిమిది వందల గంటలు అద్దెకు తిప్పేవాళ్లకు, బేలరో పెద్ద రోటవేటరో లాగించేవాళ్లకు కామన్ రైల్ డీజిల్లో కలిసొస్తుంది. వాళ్లు షోరూంలో రంగు, సీటు చూసే ముందు కొన్ని అడగాలి. ఈ మోడల్‌కు స్కానర్ ఈ బ్రాంచిలో ఉందా, వేరే ఊరి నుంచి రావాలా? రైల్ ప్రెషర్ సెన్సార్, మీటరింగ్ వాల్వు, క్రాంక్ సెన్సార్ స్టాకులో ఉంటాయా, ఒక్కోదాని ధర ఎంత? వైరింగ్ కిట్, ఇంజెక్టర్లు వారంటీలో ఎన్ని గంటల దాకా? జవాబులు డెలివరీ కాగితం వెనకైనా రాయించుకోండి. బండి ఇంటికొచ్చిన రోజే, బురద అంటకముందే, ప్రతి ఇంజెక్టరు నెత్తిన ఉన్న కోడ్‌ను సిలిండరు వరసలో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. నాలుగేళ్లకు ఈసీయూ మార్చాల్సి వస్తే ఆ అంకెలు అడుగుతారు, అప్పటికి అవి అరిగిపోయి ఉంటాయి.